కావేరి పెట్టిన షరతు

“ముందు ఇది. తర్వాతనే ఏదైనా.”

చిన్న పొట్లం ఒకటి మంచం మీద పెట్టి, కావేరి తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

సూగురేశ్ అప్పుడే చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. థర్మల్ కరెంటు ప్లాంటులో మొదటి షిఫ్టు దిగి, మిరపకాయ బజ్జీలు, మూరెడు మల్లెపూలు పట్టుకుని చిక్కసూగూరుకు హుషారుగా వచ్చాడు. పొట్లం చూశాడు. నిరోధ్. హుషారంతా దిగిపోయింది.

“ఏందే ఇది?”

“తెల్వదా నీకు?”

“గవి లారీ డ్రైవర్లకు. నేను లారీలు తూచే కాటా కాడ కుర్చీల కూసునేటోన్ని. రెండు పూటల నీళ్లు పోసుకుంట. నాకేం రోగముంటది?”

ప్లాంటుకు లారీలు నడిచే ఆ రోడ్డు మీద తిరిగే మగవాళ్లందరిదీ ఇదే నమ్మకం. రోగం ఎప్పుడూ పక్కవాడిదే. డ్రైవరును అడిగితే క్లీనరు వైపు చూపిస్తాడు. క్లీనరు ఊరుగాని ఊరి వాడెవడి మీదికో తోసేస్తాడు.

“ఉన్నదో లేదో మొఖం మీద రాసుంటదా?” అంది కావేరి.

సూగురేశ్ మాటను నవ్వులోకి దించబోయాడు. “అరటిపండు తొక్కతోని తింటరా ఎవరన్న?”

మామూలుగా అయితే ఆమె నవ్వేదే. ఇవాళ నవ్వలేదు. అతని కోపం ఆమెకు కొత్త కాదు, కానీ ఈ భయం కొత్తది.

“ఈ వరసల కడపటి గది భీమవ్వను మర్చిపోయినవా? ఎండిపోయి, ఎండిపోయి, కడకు చాపల చుట్టి తీస్కపొయిన్రు. ముట్టెటోడు లేడు. ఆమె కోరి తెచ్చుకున్నదా? గడప దాటి లోపటికొచ్చిన మగోడు తెచ్చిండు.”

“నన్ను వానితోని జోడిస్తవా!”

అతను ఒక్క అంగలో దగ్గరికొచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గాజు ఒకటి చిట్లింది. పక్క గదిలో ఎవరో రేడియో గొంతు పెంచారు. ఆ వరస గదుల్లో గొడవ వినబడితే చేసే సాయం అదొక్కటే.

“మొన్నటిదాంక లేని పట్టింపు ఇయ్యాల ఎందుకొచ్చింది? నా మీద భరోసా లేదా?”

“నీ మీద ఉన్నది. నువ్వు పొయ్యొచ్చే తావుల మీద లేదు.”

“ఇన్నేండ్లల్ల నా వల్ల నీకు జలుబన్న అంటిందా?”

“జలుబైతే భయపడకపోదును.”

సూగురేశ్ చెయ్యి వదిలేశాడు. చొక్కా తీసి భుజాన వేసుకున్నాడు. బెదిరించడంలో అతనిది అందెవేసిన చెయ్యి.

“తలుపు ఇడువు. పోత. మళ్ల రాను. నేను రాకుంటే నీ పొయ్యి మీద ఏముడుకుతదో చూస్త.”

కావేరికి తెలుసు, అతను అన్నంత పనీ చేస్తాడు. బియ్యం డబ్బా అడుగంటి ఉంది. ఒక్క మాట తగ్గితే చాలు, బజ్జీలు చల్లారకముందే అంతా మామూలైపోతుంది. కానీ భీమవ్వ చేతులు కళ్ల ముందు కదిలాయి, పుల్లల్లాంటి చేతులు.

“ఆకలితోనన్న బతుకుత,” అంది. “గట్ల మాత్రం సావను.”

“ఊళ్ల నీదొక్కటేనా తలుపు? రోడ్డు దాటితె ఎన్నో ఉన్నయి. ఆడ ఎవ్వరు నన్ను గిట్ల నిలబెట్టి అడగరు!”

“ఎందుకడగరు? అడిగిన్రు. నువ్వే ఇనలేదు. పొట్లం గోడకేసి కొడితివంట.”

సూగురేశ్ భుజం మీది చొక్కా జారి కింద పడింది. ఆ గోడ ఎక్కడిదో, ఆ రోజు ఆ గదిలో ఎవరున్నారో అతనికి బాగా తెలుసు. అతను, ఇంకొక మనిషి. అంతే.

“నీకు... నీకెవరు చెప్పిన్రు?”

కావేరి తలుపు దగ్గర్నుంచి కదలలేదు.

“నువ్వు ఎవరి కాడికి పోతవో ఆ రంగవ్వనే పొద్దుగాల మన ఇంటికొచ్చి, ‘నా మాట ఇనలేదక్కా, నువ్వన్న భద్రంగుండు’ అని ఆ పొట్లం నా చేతుల పెట్టి పోయింది,” అంది అతని పెళ్లాం.