పూలగుడ్డ కింద మచ్చ

ఇంటాయన పంపిన మనిషే అయి ఉంటాడు. లేకపోతే ముక్కూ మొహం తెలియనివాడికి బల్ల మీది మచ్చ సంగతి ఎలా తెలుస్తుంది?

దర్జీ ఆవిడ తలుపు ఓరగా తీసి, ఆ సందులోంచే అతన్ని ఎగాదిగా చూసింది. చంకలో సంచి, అరిగిన చెప్పులు, నెమ్మదైన గొంతు. ఆ నెమ్మదితనమే ఆమెకు నచ్చలేదు.

“మీకంటే ముందు ఈ ఇంట్లో అద్దెకున్నానమ్మా. వ్యాన్‌లోకి సామాను ఎక్కిస్తుంటే చూశాను. ఖాళీ చేస్తున్నారా?”

“చేస్తే?”

“కిటికీ దగ్గర గోడకి బిగించిన బల్ల ఉంది కదా, దాని మీద ఇస్త్రీపెట్టె మచ్చ. నేను దిగేసరికే ఉంది. అడిగితే ఇల్లు ఇవ్వరేమోనని నోరు మూసుకుని దానిమీద గుడ్డ పరిచేశాను. మీరేమో కుట్టుపని చేస్తారట. అది మీ నెత్తిన పడుతుందేమోనని…”

ఆమె తలుపు ఇంకాస్త దగ్గరికి వేసింది.

తను చేసిందీ అదే. దిగిన రోజే పూలగుడ్డ పరిచి ఊరుకుంది. ఇప్పుడు దర్జీ ఇంట్లో ఇస్త్రీపెట్టె మచ్చ అంటే, తనది కాదని ఎవరు నమ్ముతారు?

అడ్వాన్స్ పైసా తగ్గకుండా వస్తేనే కొత్త ఇంటి తాళం చేతికొస్తుంది. సామానేమో సగం వ్యాన్‌లో ఉంది.

“మా ఇంట్లో ఏ మచ్చా లేదు.”

“ఒక్కసారి చూపిస్తే, ఇంటాయనతో నేను మాట్లాడతా…”

“భలేవారే! చూపించాలిట! ఇంటాయన మీకెంత ఇస్తానన్నాడేం?”

అతను చంకలో సంచి సర్దుకున్నాడు.

“సరేనమ్మా.”

ఆమె ధడాలున తలుపు వేసింది.

“ఎవరు వదినా?” పెట్టె మోస్తున్న మరిది అడిగాడు.

“గూఢచారి.”

“అయితే కాస్త ఓ చెయ్యి వెయ్యమనాల్సింది! నా నడుం పడిపోతోంది.”

ఆమె నవ్వలేదు. కిటికీలోంచి తొంగి చూసింది. గేటు దగ్గర అతనూ ఇంటాయనా తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుంటున్నారు. ఇంటాయన అతని భుజం కూడా తట్టాడు.

అనుకున్నదే. ఇద్దరూ ఇద్దరే.

ఇంటాయన మేడెక్కి వచ్చాడు. తిన్నగా బల్ల దగ్గరికి వెళ్లి పూలగుడ్డ ఎత్తాడు. మచ్చ నల్లగా బయటపడింది.

“నేను కాదండీ” అన్న మాట ఆమె నాలుక చివర సిద్ధంగా ఉంది.

ఇంటాయన జేబులోంచి నోట్లకట్ట తీశాడు.

“నీ అడ్వాన్స్ మొత్తం ఇదిగో. చూసుకో అమ్మా.”

“మరి… మచ్చకి?” నోరు జారింది.

“అదా! నీకంటే ముందున్నాయన వచ్చి చెప్పాడులే. ఇస్త్రీ చేస్తూ మరిచిపోయి తనే కాల్చాడట. నిన్నేమీ అనొద్దని, కొత్త చెక్కకయ్యేది నా చేతిలో పెట్టి మరీ వెళ్లాడు. ఈ రోజుల్లో అంత నిజాయితీ ఎక్కడుందమ్మా?”

ఆమె కిటికీలోంచి చూసింది. గేటు దగ్గర ఎవరూ లేరు.

కింద వ్యాన్ హారన్ మోగింది. మరిది రెండోసారి పిలిచాడు.

ఆమె నోట్లకట్ట తిరిగి బల్ల మీద పెట్టింది.

“ముందు ఆయనకి ఫోన్ చెయ్యండి,” అంది. “ఆయన మీకు అబద్ధం చెప్పాడు.”