గోడకి తగిలించిన కారు

పందెం ఏడింటికి. ఆరింటికే అన్న తమ్ముడి ఇంటి ముందున్నాడు.

దొంగపని మీద రాలేదు. కనీసం తనకి తాను అలా చెప్పుకున్నాడు. సొంత తమ్ముడి గడప తొక్కడానికి ముహూర్తం చూడాలా ఏమిటి?

అన్న అమ్మేది హైడ్రోజన్ కార్లు. తమ్ముడు అమ్మేది బ్యాటరీ కార్లు. ఒకే తల్లి కడుపున పుట్టి ఎదురెదురు షోరూములు పెట్టుకున్నారేమిటని ఊరంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ అన్నట్టు ఇద్దరూ తగ్గలేదు.

"నీ కారు నిండాలంటే గోడకి కట్టేసి గంటన్నర కూర్చోవాలి. నాదైతే అయిదు నిమిషాలు. పొగన్న మాటే లేదు, వెనక నుంచి నీళ్ళు కారతాయంతే," అనేవాడు అన్న.

"ఆ అయిదు నిమిషాల కోసం ఊరి చివర పంపుకి ముప్పావుగంట పోవాలి కదన్నయ్యా. గోడైతే ప్రతి ఇంటికీ ఉంటుంది," అనేవాడు తమ్ముడు.

ఈ రాద్ధాంతమంతా అమ్మ మంచం పక్కనే. ఆర్నెల్లుగా ఆవిడ ముక్కుకి ఆక్సిజన్ మిషన్ గొట్టం. అది తీస్తే పది నిమిషాలు తట్టుకోలేదు. "నాకు గాలాడితే చాల్రా, మీ కార్లు మీరే తోలుకోండి," అనేది. అని, చిన్నవాడి వైపు చూసి నవ్వేది. ఆ నవ్వు చూస్తే పెద్దవాడికి ఒళ్ళు మండేది. తన దగ్గరికి రమ్మంటే రాకుండా, చిన్నవాడింట్లోనే ఉంటానన్న సంగతి కూడా అతను మర్చిపోలేదు.

ఇక మాటలతో తేలే వ్యవహారం కాదు. నలభై కార్ల ఆర్డరు. ట్యాక్సీ కంపెనీ పెద్దాయన స్టాప్‌వాచీ మెళ్ళో వేసుకుని తిరిగే మనిషి. కొండ మీది చెక్‌పోస్టు దాకా వెళ్ళి రమ్మన్నాడు. నింపుకోవడానికి ఆగిన నిమిషాలు కూడా లెక్కే. ముందొచ్చినవాడికి నలభై కార్లు, రెండోవాడికి ఒక నమస్కారం.

అన్న ఏడాది మొత్తంలో అమ్మినవి రెండంటే రెండే. ఈ ఆర్డరు కూడా పోతే నెలాఖరుకి షట్టరు దించెయ్యమని కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. యాభై రెండేళ్ళొచ్చాక ఇంకొకడి షోరూములో తలుపులు తీసే పనికి కుదరాలి. ఆ ఊహకే అతనికి అన్నం సయించడం లేదు.

రాత్రి గాలివానకి రోడ్డు నిండా కొమ్మలు. తమ్ముడి పేట మలుపులో సిగ్నల్ దీపాలు కూడా వెలగలేదు. ఎక్కడా ఆగే పనిలేకుండా వచ్చేశాడు. శుభసూచకమే అనుకున్నాడు.

వాకిట్లో తమ్ముడి స్కూటర్ లేదు. మరదలు నర్సు, డ్యూటీ దిగి ఎనిమిదింటికి గానీ ఇల్లు చేరదు. అంటే వీడు అప్పుడే పెద్దాయన్ని కాకా పట్టడానికి పోయాడన్నమాట. అమ్మని ఒంటరిగా వదిలేసి మరీ. ఇదీ ముద్దుల కొడుకు నిర్వాకం.

షెడ్డులో తెల్లకారు. గోడకున్న పెట్టెలోంచి లావుపాటి వైరు దాని మూతిలోకి. బ్యాటరీ కార్ల గురించి అన్నకి తెలిసిందొక్కటే: గోడకి తగిలిస్తే నిండుతాయి. అంతకు మించి తెలుసుకోవడం హైడ్రోజన్‌కి ద్రోహం చేసినట్టని అతని పట్టుదల. తమ్ముడేదైనా చెప్పబోతే "ఆపరా నీ బ్యాటరీ పురాణం" అనేవాడు.

అద్దంలోంచి లోపలికి తొంగిచూశాడు. తెర మీద డెబ్బై ఆరు. నిన్న సాయంత్రం వంద నిండిందని ఫోటో పంపి మరీ ఉడికించాడు తమ్ముడు. రాత్రంతా తగిలించి ఉంచినా, నిండింది నిలవకపోగా పావు వంతు దిగిపోయింది. చూస్తుండగానే డెబ్బై అయిదయింది. అన్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఓటికుండని అమ్ముతున్నాడు వీడు జనానికి.

అయినా దేన్నీ నమ్మకూడదు. ఈ గంటలో ఎంతో కొంత ఎక్కినా ఎక్కుతుంది. పిడి నొక్కి వైరు లాగేశాడు. మళ్ళీ ఊరికే కన్నానికి ఆనించి వదిలాడు. చూసినవాళ్ళకి తగిలించినట్టే ఉంటుంది. వాడికి కొనేవాళ్ళు వందమంది, నాకెవరున్నారని సర్దిచెప్పుకున్నాడు. అదేమీ అబద్ధం కాదు.

అమ్మని ఒకసారి చూసి వెళ్దామా అనిపించింది. ఆవిడది వెనక గది. ఇంత పొద్దున్నే ఎందుకొచ్చావురా అంటుంది. అన్నయ్య వచ్చి వెళ్ళాడని వాడికి చెప్తుంది. గెలిచాకే మొహం చూపిద్దామనుకుని పిల్లిలా జారుకున్నాడు.

ఏడింటికి పది నిమిషాల ముందే ట్యాక్సీల యార్డులో కారు నిలిపాడు. పెద్దాయన ఒక్కడే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"మా వాడింకా రాలేదాండీ? గోడ పట్టుకుని వేలాడుతున్నట్టున్నాడు," అన్నాడు అన్న.

పెద్దాయన నవ్వలేదు. స్టాప్‌వాచీ తీసి జేబులో వేసుకున్నాడు.

"పందెం లేదు. ఆర్డరు మీకే. నలభై కార్లూ."

షట్టరు దించక్కర్లేదు. ఎవడి దగ్గరా చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు. అన్నకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీ తమ్ముడే ఇచ్చెయ్యమన్నాడు," అన్నాడు పెద్దాయన.

"వాడా? ఎందుకటండీ?"

"అయిదింటికి ఫోన్ చేశాడు, రాత్రి నుంచి వాళ్ళ పేటంతా కరెంటు లేదట, స్కూటర్ మీద పోయి ఆక్సిజన్ సిలిండర్ తెచ్చేదాకా కారు అంగుళం కదపలేనన్నాడు, మీ అమ్మగారి మిషన్ ఆ కారు బ్యాటరీ మీదే నడుస్తోందట."