మిరియం తోక

తునిలో మేడలన్నిటినీ చల్లటి అద్దాల వంతెనలతో కలిపేశాక నేల మీద కాలు పెట్టే పని ఎవరికీ లేకుండా పోయింది. త్రిమూర్తులు ఆరుబయటికి రాక ఆరేళ్లయింది.

అలాంటిది అతనూ భార్య వరూధినీ పెంచుకునే చిరుతమచ్చల బల్లి మిరియం ఉన్నట్టుండి మేత మానేసింది.

"దీనికి రోజూ కాసేపు మట్టి తగలాలమ్మా," అన్నాడు పశువుల డాక్టరు వరూధినితో. "ఎండ ముదరకముందే తీసుకెళ్లండి. బెదిరిందంటే మాత్రం తోక వదిలేస్తుంది."

మర్నాడు పొద్దున్నే వరూధిని దాన్ని గాలాడే డబ్బాలో పెట్టుకుని కిందికి దిగింది. భర్త అద్దాల తలుపు లోపలే ఆగిపోయాడు. ఆమె అరచేత్తో నేల వేడి చూసుకుని, గోడ నీడలో కూర్చుని మూత తీసింది. మిరియం మెల్లగా దిగి మట్టిని నాలుకతో రుచి చూసింది.

అంతలో సరుకుల డ్రోన్ ఒకటి తల మీదుగా పోయింది. అది చూసి హడలిపోయిన బల్లి, తోక వణికిస్తూ ఆమె కుచ్చిళ్లలో దూరింది.

"ఏవండీ, ఇంకోటి వస్తోంది. నేను కదిలితే దీని తోక పోద్ది. ఆ తలుపు పక్కనున్న గొడుగు తెచ్చి పైన అడ్డం పెట్టండి."

"నేనా? బయటికా?"

"మరింకెవరున్నారండీ?"

త్రిమూర్తులు గొడుగు తెరిచి, లోతు తెలియని ఏట్లో దిగేవాడిలా ఒక్కో అడుగే వేస్తూ వచ్చి, ఆమె పక్కన చతికిలబడ్డాడు. డ్రోన్ వెళ్లిపోయింది. కాసేపటికి మిరియం బయటికొచ్చి, తోకతో సహా డబ్బాలోకి నడిచింది. వరూధిని ఊపిరి పీల్చుకుని మూత పెట్టింది.

"పదండి, ఎండెక్కుతోంది."

త్రిమూర్తులు చెప్పుల్లేని కాలివేళ్లు అప్పటికే మట్టిలో కూరుకుని ఉన్నాయి.

"ఉండవే. ఇప్పుడే లేస్తే అది బెదురుతుందేమో," అన్నాడు.

డబ్బాలో మిరియం హాయిగా కళ్లు మూసుకుని నిద్రపోతోంది.