లక్ష్మీనర్సయ్య సేటు స్పానిష్ చదువు

"బుగ్గ జర ఇటు పెట్టు పంతులూ. సిగ్గెందుకు?"

సూర్యాపేటలో ఆముదాల వ్యాపారం చేసే లక్ష్మీనర్సయ్య సేటు, పాన్ నమిలిన ఎర్రటి నోటితో దేవసహాయం మాస్టారి కుడి బుగ్గ మీద ఒకటి, ఎడమ బుగ్గ మీద ఒకటి ముద్దు పెట్టాడు. గుమాస్తాలు బస్తాల చాటుకు పోయి కడుపులు పట్టుకుని నవ్వుకున్నారు. మాస్టారు కండువాతో బుగ్గలు తుడుచుకున్నాడు.

"బాగుంది సేటూ. స్పెయిన్‌ల పెద్దమనుషులు కలిస్తే ఇట్లనే చేస్తరు."

"ఇగ బాస చెప్పు. నమస్తేకి ఏమన్నవ్?"

"వేములపాల్యో."

"ధరకు?"

"పాలకీడో."

"పోయొస్త అనాల్నంటే?"

"హాలియోస్."

సేటు కళ్లు మూసుకుని మూడూ వల్లించాడు. మాస్టారు పైకి తల ఊపుతున్నాడే గానీ లోపల దొంగభయం. ఉండదా మరి? ఆయనకు స్పానిష్ ఒక్క ముక్క రాదు! మిర్యాలగూడ బస్సుల దగ్గర కండక్టర్లు అరిచే ఊళ్ల పేర్లు విని, వాటికే తోకలు తగిలించి పట్టుకొచ్చాడు. ఆ దేశం గురించి ఆయనకు తెలిసిందల్లా భూగోళం పుస్తకంలో చదివిన నాలుగు ముక్కలు. అక్కడివాళ్లకు ఎద్దులంటే ప్రాణం, మధ్యాహ్నం అందరూ నిద్రపోతారు. ముద్దులు మాత్రం సొంత కల్పన.

నిద్ర సంగతి విన్నప్పుడు సేటు తొడ చరిచి నవ్వాడు. "పగటి పూట పండుకుంటరా? గట్లయితే మన తాసిల్ కచ్చేరోళ్లంత స్పెయినోళ్లే!"

మాస్టారు మోసగాడేమీ కాదు, పాపం. రజాకార్ల గోల సద్దుమణిగాక కూలివాళ్ల పిల్లల కోసం సేటుగారి పాత గోదాములో బడి పెట్టాడు. కిరాయి అడగకుండా ఇచ్చిన సేటే ఒకనాడు పిలిచి, "కోదాడ దలాలి సైదులు స్పెయిన్ దొరను తోలుకొస్తుండు. నాకు గా బాస నేర్పాలె" అన్నాడు.

"నాకు రాదు సేటూ."

"దొరల మతంల ఉన్నవ్, దొరల బాస రాదంటవా? ఎవలకు చెప్తవ్! ఒక్క బాస నేర్సుకుంటే ఇరవై దేశాల గిరాకి పంతులూ. సరుకు ముందు ఓడెక్కుతదట, రూకలు ఎన్కకు వస్తయట. దొరల పద్ధతి గదేనట. బేరం కుదిరితే గోదాం నీ బడికే రాసిస్త. నా పరువు పోయిందో, తెల్లారి బడి లేపి గాడ ఆముదాలు పోస్త!"

పలకలు పట్టుకుని వచ్చే పిల్లల మొహాలు కళ్ల ముందు మెదిలాయి. మాస్టారు నోరు మూసుకుని స్పానిష్ మొదలుపెట్టాడు.

దొర రానే వచ్చాడు. కోదాడ నుంచి అద్దె మోటారులో దిగాడు. సూటు, టోపీ, మెలితిప్పిన మీసం, ఎర్రగా బుర్రగా ఉన్నాడు. వెనకే సైదులు దిగి చేతులు కట్టుకున్నాడు.

"డాన్ పెద్రోగారండీ. స్పానిష్ తప్ప ఇంకో ముక్క రాదండీ ఆయనకి."

తలుపు చాటున మాస్టారు చేతులు జోడించాడు. ప్రభువా, ఈ ఒక్కసారి గట్టెక్కించు అనుకున్నాడు. సేటు ఒక్క ఉదుటున లేచి వెళ్లి దొర రెండు బుగ్గలూ ఎర్రగా చేసి, గొంతెత్తి అరిచాడు.

"వేములపాల్యో!"

దొర బిత్తరపోయాడు. సేటును చూశాడు, సైదులును చూశాడు, తలుపు పక్కన నక్కిన మాస్టారిని చూశాడు. దొర టోపీ తీసి వంగి, "వేములపాల్యో! వేములపాల్యో!" అన్నాడు.

మాస్టారికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. పాపం దొర, ఇది తెలుగు అనుకుంటున్నాడు! సేటేమో స్పానిష్ అనుకుంటున్నాడు. ఇద్దరి మధ్యా నా బడి బతికిపోయింది, అంతే చాలు తండ్రీ అనుకున్నాడు.

సేటు ఎద్దుల జతను తెప్పించి చూపించాడు. దొర వాటి మూతులు తెరిచి పళ్లు చూసి మెచ్చుకోలుగా తల ఊపాడు. భూగోళం పుస్తకం అబద్ధం చెప్పదని మాస్టారు మురిసిపోయాడు.

"పాలకీడో?" అంటూ సేటు అలవాటు కొద్దీ దొర చేతి మీద తువ్వాల కప్పేశాడు.

మాస్టారు నెత్తి మీద పిడుగు పడ్డట్టయింది. సూర్యాపేట అంగట్లో ధర నోటితో చెప్పరు. తువ్వాల కింద వేళ్లు పట్టి చెప్పుకుంటారు. ఈ ముచ్చట స్పెయిన్‌లో ఉండదని సేటుకు చెప్పడం మరిచాడు. దొరకు కోపమొస్తే? చెయ్యి లాక్కుని పోతే?

తువ్వాల కింద ఏదో కదిలింది. సేటు తల అడ్డంగా తిప్పాడు. మళ్లీ కదిలింది. సేటు మొహం చాటంత అయింది.

"ఖతం! బేరం కుదిరింది! ఏం వేళ్లు పంతులూ, పుట్టు బేరగాడు!"

బేరానికి ఏ దేశమైతేనేం, వేళ్లు వేళ్లే కదా అనుకుని మాస్టారు కళ్లు ఒత్తుకున్నాడు. గుమాస్తాలు అప్పుడే బస్తాలు బండ్లకెత్తుతున్నారు.

"గోదాం నీదే పంతులూ, రేపే కాయితం రాస్త! పో, పెరట్ల దొరకు కాళ్లు చేతులు కడుక్కోను నీళ్లియ్యి."

మాస్టారు చెంబుతో నీళ్లు పోస్తూ, ఆనందం పట్టలేక, "హాలియోస్ దొరా, హాలియోస్" అన్నాడు. దొర చేతులు దులుపుకున్నాడు. అటూ ఇటూ చూసి, దగ్గరికి జరిగి, మెల్లగా అడిగాడు.

"మాస్టారూ, 'నాకూ రాదు' అని స్పానిష్‌ల ఎట్లంటరు?"