నెలసరి నీరు తీసేసే కాటా

పోటీ తూకానికి ముందు, బరువు తగ్గాలని కూతురి జడ కత్తిరిద్దామని గౌరీశ్వరి కత్తెర తీసింది. తన కాలంలో వెయిట్‌లిఫ్టింగ్ పోటీరోజే నెలసరి వచ్చి ఒళ్లు నీరుపట్టింది. జడ కోసుకున్నా తన విభాగం హద్దుకన్నా మూడువందల గ్రాములు ఎక్కువై, బరువు ముట్టుకోకుండానే ఇంటికొచ్చేసింది.

"నీకూ ఇవాళే వచ్చిందేటే. పొట్ట చూడు, ఎలా ఉబ్బిపోయిందో."

"ఇవి కొత్త కాటాలమ్మా, ఆగు," అంటూ తనుజ ఎక్కేసింది.

కాటా పలికింది: "నలభై తొమ్మిది కిలోల ఆరువందల గ్రాములు. అందులో నెలసరి నీరు ఎనిమిది వందలు, అది లెక్కలోకి రాదు. నలభై తొమ్మిది కిలోల విభాగంలో ఆడవచ్చు."

"దాన్ని ఇంకోసారి చెప్పమనవే," అంది గౌరీశ్వరి.

మూడుసార్లు చెప్పించుకున్నాక కత్తెర సంచిలో పడేసి దువ్వెన తీసింది.

"కూర్చో, జడ బిగించి వేస్తాను. నిన్నటి నుంచి చుక్క నీళ్లివ్వకుండా నిన్ను ఎండగట్టేశాను, ముందు కడుపునిండా నీళ్లు తాగు."