సున్నపు తేట

"ఆగండి! ఏం పూస్తున్నారు దానికి?"

ఇంజనీరమ్మ కేకకి ముసలాయన చేతిలో కుంచె ఆగిపోయింది.

"సున్నపు తేటమ్మా. వేరే ఏమీ కాదు."

"ఎవర్నడిగి పూస్తున్నారు?"

ఆయన గోడ వైపు చూశాడు, జవాబు అటునుంచి వస్తుందేమో అన్నట్టు.

అది పేర్ల గోడ. సొరంగం తవ్వుతుండగా అది కూలి, లోపలే ఉండిపోయిన పందొమ్మిది మంది పేర్లు సున్నపురాయి మీద చెక్కారు. ముప్పయ్యేళ్ల ఎండకీ వానకీ రాయి గుల్లబారింది. అక్షరాల అంచులు పొడిగా రాలుతున్నాయి.

దాన్ని నిలబెట్టే పని ఆమెకు అప్పగించారు.

అప్పగించారు అనడం పూర్తి నిజం కాదు. ఆమే అడిగి తీసుకుంది. నాలుగో వరుసలో ఉన్నది వాళ్ల నాన్న పేరు.

నాన్న పోయేనాటికి ఆమెకు రెండేళ్లు. గొంతు కూడా గుర్తు లేదు. ఆ చివరి రోజు ఏం మాట్లాడాడో అడుగుదామంటే ఎవరున్నారు? ఆయనతో దిగినవాళ్లంతా ఆ గోడ మీదే ఉన్నారని అమ్మ చెప్పింది.

"చూడండి పెద్దాయనా, రాయి లోపల కంటికి కనపడని రంధ్రాలుంటాయి. మనం పోసే మందు వాటిలోకి ఇంకుతూ, ఆ రంధ్రాల గోడలతో కలిసి గట్టిపడుతుంది. దారి సన్నబడుతుంది. ఎంత లోతు పోతుందో, ఎక్కడ మూసుకుంటుందో కంప్యూటర్లో లెక్క కడుతున్నాను. మధ్యలో మీరొచ్చి ఇలా పూసిపోతే నా లెక్కలన్నీ నీళ్లపాలు."

"చిక్కగా పోస్తే పైనే బిగుసుకుంటుంది తల్లీ. లోపల పిండి పిండిగానే ఉంటుంది. పలచగా పట్టించాలి. ఆరనిచ్చి, మళ్లీ. తొందర పనికిరాదు."

"మీరేం చదివారు?"

"చదువా! వేలిముద్ర మానేసి సంతకం నేర్చుకున్నా, అంతే." నవ్వాడు. "ఎవరమ్మాయివి తల్లీ నువ్వు?"

"అదంతా మీకెందుకు? మళ్లీ ఇటు రాకండి."

"ఈ నాలుగో వరుసలో ఉన్నాయన..."

"వాచ్‌మన్!"

వాచ్‌మన్ పరుగున వచ్చాడు. "పద తాతా, మేడమ్ కోపంగా ఉన్నారు."

ముసలాయన గేటు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగాడు. ఆమె అప్పటికే పక్క గదిలోకి వెళ్లిపోయింది.

మూడు నెలలు లెక్క కుదరలేదు.

తెర మీద మందు వెంట్రుకవాసి దిగి ఆగిపోయేది. రంధ్రాల మూతులు మూసుకునేవి.

లెక్కలో మందు చిక్కదనం తగ్గించింది. ఇంకా తగ్గించింది. పూతకీ పూతకీ మధ్య ఆరడానికి వ్యవధి పెట్టింది. ఒకటి కాదు, పది కాదు, నాలుగు వందల పూతలు.

అప్పుడు దిగింది, వేలెడు లోతు.

పలచగా. ఆరనిచ్చి, మళ్లీ.

ఆమె కుర్చీలోంచి లేచింది. రాయి గట్టితనం చూసే సన్నటి డ్రిల్లు తీసుకుని గోడ దగ్గరికి నడిచింది. వరుస వరుసలోనూ పేరు పక్కన పెట్టి చూసింది. అన్నిచోట్లా పిండిలోకి దిగినట్టు దిగింది.

నాన్న పేరు దగ్గర దిగలేదు.

"ఆ తాత ఎన్నాళ్లుగా వస్తున్నాడు?"

"నేను పనిలో చేరకముందు నుంచీ మేడమ్. వారం వారం. అన్ని పేర్లూ తుడిచేవాడు, తేట మాత్రం ఆ ఒక్కదానికే. మిగతావాళ్లేం పాపం చేశారు తాతా అంటే, నా ఓపిక అంతేరా అనేవాడు."

"ఇల్లు తెలుసా?"

మార్కెట్ వెనక వీధి. మేడమెట్ల కింద గది. తలుపు తీసిన కూతురి కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నాన్న లేరండీ. పోయి పదిహేను రోజులైంది."

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నేను ఆ గోడ పని చూస్తున్నాను. నాలుగో వరుసలో పేరుకి ఆయన... ఆ పేరున్నాయన మీకేమవుతారు?"

"మాకేమీ కారండీ," అంది కూతురు. "సొరంగం కూలేముందు ఆయన బయటికి తోసేసిన ఒకే ఒక్క మనిషి, మా నాన్న."