ముప్పై ఆరుకు ఎనిమిది

"ఉండన్నా, మళ్ల అడ్డమొచ్చె," అంటూ కృష్ణవేణి మౌసు టకటకా నొక్కింది.

ఒక ప్రకటన మూస్తే రెండు లేస్తున్నాయి. పుంగనూరు బస్టాండు పక్కనున్న ఆమె జిరాక్సు అంగట్లో, బల్లకు ఇవతల కుసుమ, ఆమె తండ్రి తిమ్మప్ప కూర్చున్నారు. మానిటరు వీపు తప్ప వాళ్లకేమీ కనిపించడం లేదు.

అది రెండు వేల నాలుగు. మదనపల్లెలో డిగ్రీ చదివేటప్పటి నుంచీ కుసుమకు మునిరత్నమంటే ప్రాణం. సంగతి ఊరంతా పాకితే పెద్దమనుషులు కూర్చున్నారు. మునిరత్నం పదిమంది ముందూ సరేనన్నాడు. ఇక జాతకాలు కలవడమే తరువాయి. "అయ్యోరు మొగం చూసి చెప్తాడు మామా, కంప్యూటరుకు మొగమాటం లేదు," అన్నది అతనే. బెంగుళూరులో ఊరికే ఇచ్చారంటూ జాతకాల సీడీ తెచ్చి కృష్ణవేణి చేతిలో పెట్టిందీ అతనే. దాన్ని ఎక్కించిన రోజు నుంచే మిషనుకు ఈ ప్రకటనల పీడ పట్టుకుంది. ఊరికే వచ్చేది ఊరికే పోతుందా!

"ఎంతొచ్చెమ్మా?" అన్నాడు తిమ్మప్ప.

కృష్ణవేణి మానిటరును వాళ్లవైపు తిప్పింది. ముప్పై ఆరు గుణాలకు ఎనిమిది.

"పద్దెనిమిదన్నా రావల్ల గదమ్మా!"

"ఇంగొగసారి సూడక్కా," కుసుమ బల్ల మీదికి వంగింది.

"మిషను ఒగసారి చెప్పినాక ఇంగేముండాది? లెయ్ పాపా," అని తిమ్మప్ప లేచాడు. అయ్యోరు చెప్పుంటే ఇంకో అయ్యోరి దగ్గరికి పోయేవాడు. మిషనుతో వాదించడం ఆ వంశంలో ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం మునిరత్నం వచ్చి కుసుమ వాళ్ల ఇంటి ముందర తల పట్టుకుని ఏడ్చాడు. "కాదని చేసుకుంటే పాపకే కీడు మామా," అన్నాడు. ఆ కన్నీళ్లను కుసుమ నగలా దాచుకుంది.

తర్వాత తిమ్మప్ప కుప్పం సంబంధం చూశాడు. అదే మిషను ముప్పై మూడు గుణాలిచ్చింది. ఆ ముప్పై మూడు గుణాల మొగుడు ఒకనాడు తాగొచ్చి కొట్టిన దెబ్బకు కుసుమ ఎడమ చెవి పోయింది. కడుపులో బిడ్డ కూడా పోయింది. పుట్టింటికి తిరిగొచ్చేసరికి కృష్ణవేణి మునిరత్నాన్ని చేసుకుని ఉంది. కుసుమ ఏడవలేదు. తెలిసిన చెయ్యే అతనికి అన్నం పెడుతోందని సమాధానపడింది. కృష్ణవేణి కూడా చెల్లెల్ని చూసినట్టు చూసి, అంగట్లోనే పని ఇచ్చింది.

మూడేండ్లకు మిషను పూర్తిగా మొండికేసింది. మదనపల్లె నుంచి మెకానిక్ మోసిన్ వచ్చాడు.

"రోగమంతా ఈ సీడీదే అమ్మా," అని దాన్ని మళ్లీ పెట్టి చూపించాడు. మానిటరు మీద చిన్న డబ్బాలో చీమల బారులాగా ఇంగ్లీషు ఒప్పందం, కింద 'ఒప్పుకుంటున్నాను' అనే బటన్. "ఎక్కించేటప్పుడు దీన్ని చదివితిరా?"

"ఎవురు చదువుతారు భాయ్? ఒప్పుకుంటానని నొక్కేస్తి."

మోసిన్ ఒక్కో లైనూ తెలుగులో చెప్పాడు. వాళ్లు ప్రకటనలు వేసుకోవచ్చు. మనం టైపు చేసేదంతా తీసుకోవచ్చు. ఇంకేవేవో ఎక్కించుకోవచ్చు. "అన్నిటికీ ఒప్పుకునేసినారు. అడుగున సూడండి, ఇంగా ఘోరం. ఈ జాతకం ఉత్త ఆటంట. అంకెలు ఇష్టమొచ్చినట్టు వేస్తాదంట. నమ్మి ఏమన్నా చేసుకుంటే వాళ్లకు సంబంధం లేదంట."

కుసుమ తన పుట్టిన తేదీ, మునిరత్నం తేదీ చెప్పింది. మోసిన్ కొట్టాడు. ఇరవై ఏడు. మళ్లీ కొట్టాడు. పదకొండు. మళ్లీ. ముప్పై నాలుగు.

కృష్ణవేణి కుసుమ కాళ్ల మీద పడిపోయింది.

"చదవకుండా నొక్కి నీ గొంతు కోస్తినే! నన్ను కొట్టు కుసుమా!"

కుసుమ ఆమెను లేవనెత్తి కళ్లు తుడిచింది. ఇంత మంచిదాన్ని ఏమనగలదు? "నీకేం తెలుసక్కా. లోకంలో ఎవురూ చదవరంట గదా. ఒగటే అడుగుతా. మునిరత్నానికి మాత్రం చెప్పొద్దు. ఆయప్ప తట్టుకోలేడు."

మోసిన్ సంచి సర్దుకుని పోయాడు. కుసుమ కూడా ఇంటికి బయల్దేరి, బస్టాండు దాటాక క్యారియరు మరిచిపోయానని వెనక్కి తిరిగింది. అంగడి తలుపు ఓరగా ఉంది. లోపల గుడ్డ తెర వెనక మునిరత్నం వచ్చి ఉన్నాడు. అతని గొంతు వినిపించగానే కుసుమ గడపలోనే ఆగిపోయి, వినపడే చెవిని అటు తిప్పింది. పాపం, చెప్పేస్తోందేమో, ఎలా ఓర్చుకుంటాడో అనుకుంది.

"మోసిన్ ఆ ఒప్పందమంతా కుసుమ ముందర చదివేసినాడు," అంది కృష్ణవేణి.

"సీడీ ఎక్కించిన నాడు మనం చదివి నవ్వుకున్న ఆ అడుగు లైను గూడానా?"